తూకం పళ్ళెం కింద చింతపండు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది ఉప్పల్. నా వయసు 61. ఉద్యోగం అయిపోయాక డాబా మీద మిద్దెతోట పెట్టుకున్నాను. కుండీలు, గ్రో బ్యాగులు కలిపి తొంభై దాకా ఉంటాయి. మొక్కల పెంపకం గురించి తెలుగువాళ్ళు ప్రశ్నలు, జవాబులు రాసుకునే ఒక ఆన్‌లైన్ బృందంలో రెండేళ్ళుగా ఉన్నాను. అక్కడ ప్రతి జవాబు పక్కన పైకొక బాణం, కిందికొక బాణం ఉంటాయి. నచ్చితే పైది, నచ్చకపోతే కిందిది నొక్కుతారు. మొన్న ఏప్రిల్‌లో ఒకావిడ టమాటా కాయల అడుగు నల్లబడి కుళ్ళిపోతోందని అడిగింది. నీళ్ళలో ఎప్సమ్ సాల్ట్ కలిపి వారానికోసారి పోయమని రాశాను. గంట తిరక్కుండా పదకొండు మంది కింది బాణం నొక్కారు. కారణం చెప్పినవాళ్ళు ఒక్కరు లేరు. ఒక కుర్రాడు మాత్రం 'తాతగారూ, రెస్ట్ తీసుకోండి' అని రాసి నవ్వే బొమ్మ పెట్టాడు. ఒళ్ళు మండిపోయి, 'బాల్కనీలో రెండు కుండీలు పెట్టుకున్నవాళ్ళు కూడా నాకు చెప్పొచ్చేవాళ్ళే' అన్నాను. ఆ రాత్రే మా అమ్మాయి, అల్లుడు, మా తోడల్లుడి పిల్లలు, అందరి చేతా అకౌంట్లు తెరిపించి నాకు పై బాణం నొక్కించాను. మర్నాడు బృందాన్ని చూసుకునే మోడరేటర్ ఆ ఓట్లన్నీ తీసేసి, వారం రోజులు నన్ను రాయకుండా ఆపేశాడు. నలుగురిలో ఇజ్జత్ పోయింది. ఇంట్లోవాళ్ళను సాయం అడగడం తప్పా? కారణం చెప్పకుండా కిందికి నొక్కడం మర్యాదేనా? ఇక ఆ బృందంలో ఉండమంటారా, మానెయ్యమంటారా?

జవాబు:

ముందు టమాటా సంగతి తేల్చేద్దామండీ, ఓట్ల పంచాయితీ తరవాత.

కాయ అడుగు నల్లబడి కుళ్ళడం పురుగు వల్ల వచ్చేది కాదు, అంటు తెగులూ కాదు. కాయకు కాల్షియం సరిగా అందకపోతే అలా అవుతుంది. చాలాసార్లు మట్టిలో కాల్షియం ఉంటుంది. కాకపోతే అది నీళ్ళతో పాటు కాయ దాకా ఎక్కాలి. ఒకరోజు కుండీని ఎండబెట్టి, మర్నాడు గుర్తొచ్చి ముంచెత్తితే ఎక్కదు. ఏప్రిల్ ఎండకు మన డాబాల మీద గ్రో బ్యాగు మధ్యాహ్నానికే ఎలా ఎండిపోతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఎప్సమ్ సాల్ట్ అంటే మెగ్నీషియం సల్ఫేట్. అందులో కాల్షియం లేదు. పైగా మెగ్నీషియం మోతాదు మించితే, మొక్క కాల్షియం తీసుకోవడానికే అది అడ్డు తగులుతుంది. ఆవిడ మీ మాట పట్టుకుని వారం వారం పోసి ఉంటే, ఉన్న కాయలు కూడా పోగొట్టుకునేది.

మీ జవాబు తప్పండీ. ఉత్తరం మొత్తంలో ఈ అనుమానం మీకు ఒక్కసారి కూడా వచ్చినట్టు లేదు. పదకొండు మంది నొక్కారని లెక్కపెట్టారు, కుర్రాడి నవ్వే బొమ్మ గుర్తుపెట్టుకున్నారు, మోడరేటర్ ఎన్ని ఓట్లు తీసేశాడో చూసుకున్నారు. ఆవిడ టమాటాలు చివరికి ఏమయ్యాయో మాత్రం మీరు రాయలేదు.

అలాగని ఆ పదకొండు మందిని వెనకేసుకు రావడం లేదు. వాళ్ళలో కొందరికైనా ఇప్పుడు నేను చెప్పిన సంగతి తెలిసే ఉంటుంది. తెలిసి, బాణం నొక్కి, చేతులు దులుపుకుని పోయారు. 'ఇది కాల్షియం లోపమండీ, ఎప్సమ్ సాల్ట్‌తో తగ్గదు' అని రాయడానికి ఎంతసేపు పడుతుంది? సిగ్నల్ దగ్గర ఎర్రలైటు పచ్చబడేలోపు రాసెయ్యొచ్చు. ఆ ఒక్క ముక్క రాసి ఉంటే ఆవిడకు దారి దొరికేది, మీకు తెలియనిది తెలిసేది, ఈ లొల్లి అంతా ఉండేదే కాదు.

బాణం దగ్గరికి వద్దాం. 'నచ్చితే పైది, నచ్చకపోతే కిందిది' అని రాశారు. అసలు తిరకాసు ఆ వాక్యంలోనే ఉంది. ఆ గుర్తుకు ఏ ఇంట్లో అర్థం ఆ ఇంటిదే. 2005లో మొదలైన రెడిట్ అనే చర్చల సైట్‌లో మర్యాదల చిట్టా ఒకటుంది. ఒక మాటతో మీరు ఒప్పుకోనంత మాత్రాన కిందికి నొక్కకండి, అది చర్చకు పనికిరానిదైతేనే నొక్కండి అంటుంది. (పాటించేది ఎందరని అడక్కండి. మన సిటీ బస్సుల్లో 'స్త్రీలకు మాత్రమే' అని రాసిన సీట్ల లాంటిదే అదీ.) హ్యాకర్ న్యూస్ అనే ఇంకో చోట, దాన్ని మొదలుపెట్టిన పాల్ గ్రాహం, ఒప్పుకోనప్పుడు కింది బాణం నొక్కినా తప్పులేదన్నాడు. కాకపోతే అక్కడ కామెంట్ల పక్కన కింది బాణం కొత్తవాళ్ళకు కనిపించదు. కొన్ని వందల పాయింట్లు సంపాదించుకున్నాకే చేతికొస్తుంది. ఇంకో నియమం కూడా ఉంది: నాకు ఓట్లెందుకు పడలేదు, ఎవరు కిందికి నొక్కారు అని కామెంట్లలో గొడవ చెయ్యొద్దు, దానివల్ల ఎప్పుడూ ఏ ప్రయోజనమూ ఉండదు, చదివేవాళ్ళకు విసుగు అని.

మా అబ్బాయి హైటెక్ సిటీలో ప్రోగ్రాములు రాస్తాడు. పనిలో చిక్కు వస్తే వాళ్ళంతా వెతుక్కునే స్టాక్ ఓవర్‌ఫ్లో సంగతి వాడే చెప్పాడు. అక్కడ 125 పాయింట్లు ఉంటే గానీ ఎవరూ కిందికి నొక్కలేరట. అంతేకాదు, ఒకరి జవాబును కిందికి నొక్కితే నొక్కినవాళ్ళ ఖాతాలోంచి కూడా ఒక పాయింటు పోతుందట. నాకు ఈ ఏర్పాటు భలే నచ్చింది. ఎదుటివాడి మీద రాయి వేసే ముందు సొంత జేబులోంచి రూపాయి తీసి బల్ల మీద పెట్టమనడం. అక్కడ కూడా కారణం రాయమని ప్రోత్సహిస్తారే తప్ప బలవంతం లేదు.

కాబట్టి మీ రెండో ప్రశ్నకు నా లెక్క ఇది. కారణం చెప్పి తీరాలని ఎవరినీ కట్టడి చెయ్యలేం. చెయ్యకూడదు కూడా. పదకొండు మందీ పదకొండు కారణాలు రాస్తే మీకు అప్పుడు ఇంకా ఒళ్ళు మండేది. కానీ ఎవరో ఒకరి డబ్బుకో, ఆరోగ్యానికో, మొక్కకో నష్టం చేసే తప్పు కనిపించినప్పుడు, మొదట చూసిన మనిషి ఒక వాక్యం బాకీ. ఆ వాక్యం పడ్డాక మిగతావాళ్ళు మాట్లాడకుండా నొక్కి వెళ్ళొచ్చు. 'నేను అనదలుచుకున్నదే ఆయన అనేశారు' అని దానర్థం.

కిందికి నొక్కినవాళ్ళ పేర్లు బయటపెడితే బాగుండునని మీకు అనిపించే ఉంటుంది. నాకూ ఒకప్పుడు అనిపించేది. తరవాత మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో, సాయంత్రాలు సెల్లార్‌లో పిల్లలు క్రికెట్ ఆడొచ్చా వద్దా అని పోల్ పెట్టారు. వాట్సాప్‌లో 2022 చివర్లో వచ్చిన ఈ పోల్స్‌లో ఎవరు దేనికి ఓటేశారో పేర్లతో సహా అందరికీ కనిపిస్తుంది. నేను 'వద్దు' అని నొక్కాను, నా కారు అద్దం అంతకుముందు నెలే పగిలింది మరి. ఎదురింటి కోడలు ఆ తరవాత నాలుగు నెలలు పెరుగు తోడుకు మా తలుపు తట్టలేదు. మూడో అంతస్తు ఆయన 'వద్దు' అని వేసి, ఎవరెవరు 'ఆడొచ్చు' అన్నారో చూసుకుని, పది నిమిషాల్లో మార్చుకున్నాడు. పేర్లు కనిపించే చోట జనం మనసులో మాటకు వెయ్యరు, పక్కింటివాళ్ళ ముఖం చూసి వేస్తారు. యూట్యూబ్‌లోనైతే ఇంకో దారి తొక్కారు. కొందరు కూడబలుక్కుని, ముఖ్యంగా చిన్న చిన్న ఛానెళ్ళ మీద పడి కింది బొటనవేలు నొక్కుతున్నారని, 2021 నవంబరులో ఆ అంకెనే జనానికి కనిపించకుండా తీసేశారు. ఇప్పుడు చూడబోయేవాళ్ళకు వీడియోలో చెప్పే చిట్కా పనిచేస్తుందో లేదో తెలిసే ఒక గుర్తు పోయిందని గొణిగేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ మాటా నిజమే. పేర్లు చూపిస్తే ఒక బాధ, అంకె దాస్తే ఇంకో బాధ. పేర్లు దాచి అంకె చూపించే మీ బృందం పద్ధతి ఉన్నంతలో మంచిదే.

ఇంట్లోవాళ్ళను సాయం అడగడం తప్పా అంటే, తప్పేనండీ.

చిన్నప్పుడు బజారుకు వెళ్తే మా అమ్మ కూరగాయల కన్నా ముందు తక్కెడ చూసేది. పళ్ళెం తిరగేసి చూపించమనేది. ఎందుకంటే కొందరు దాని కింద కాస్త చింతపండు అంటించి ఉంచేవాళ్ళు. ఆ అంటించిన ముద్ద ఎంతని, తులమో రెండు తులాలో. కానీ ఆ రోజంతా ఆ తక్కెడలో తూగిన ప్రతి వంకాయా, ప్రతి బెండకాయా అబద్ధమే. మీ అల్లుడు ఎప్పుడూ ఒక మొక్కైనా నాటాడా? మీ తోడల్లుడి పిల్లలకు కాల్షియానికీ మెగ్నీషియానికీ తేడా తెలుసా? వాళ్ళు వేసిన ఓటు మీ మీద ప్రేమ. ఆ ప్రేమ మంచిదే, దాన్ని ఇంట్లో చూపించుకోవాలి. ఆ బాణం మాత్రం టమాటా జవాబు బరువు తూచడానికి పెట్టింది.

దీనివల్ల నష్టం మీరు అనుకున్నంత చిన్నది కాదు. 2013లో లెవ్ ముచ్నిక్, సినాన్ అరల్, షాన్ టేలర్ అనే ముగ్గురు 'సైన్స్' అనే పత్రికలో ఒక ప్రయోగం ప్రచురించారు. ఒక వార్తల సైట్‌లో ఐదు నెలల పాటు, లక్షకు పైగా కామెంట్ల మీద చేశారు. కామెంట్ పడగానే కొన్నిటికి తామే ఒక పై ఓటు వేశారు, కొన్నిటికి ఒక కింది ఓటు వేశారు, మిగతావాటిని ముట్టుకోలేదు. ముందే ఒక పై ఓటు ఉన్నవాటిని, తరవాత చూసిన మొదటి మనిషి కూడా పైకి నొక్కే అవకాశం 32 శాతం పెరిగింది. చివరికి వాటి స్కోరు సగటున 25 శాతం ఎక్కువ తేలింది. ఒక్క ఓటుతో ఇంత. మీరు ఇంటిల్లిపాదినీ దింపారు. తప్పు చిట్కా గొర్రెదాటు మీద పైకెక్కి కూర్చుంటే, రేపు మేడ్చల్‌లోనో నల్గొండలోనో అదే ఇబ్బందితో వెతుక్కున్న మనిషికి మొదట కనిపించేది అదే. అన్నట్టు ఆ ప్రయోగంలోనే ఇంకో గమ్మత్తు ఉంది. ఆ ముగ్గురూ వేసిన దొంగ కింది ఓట్లను మాత్రం జనం చూసి, అయ్యో పాపం అని పైకి లాగి సరిచేశారట. కనుక మీకు పడ్డ పదకొండూ గొర్రెదాటే అని కొట్టిపారెయ్యడానికి అంత వీల్లేదు.

మోడరేటర్‌కు ఎలా తెలిసిందని ఆశ్చర్యపోకండి. అర్ధరాత్రి, ఒకే జవాబుకు, అంతకుముందు ఒక్క మాట రాయని కొత్త అకౌంట్లు వరసగా వచ్చి ఓటేసి వెళ్తే కనిపెట్టడానికి పెద్ద విద్య అక్కర్లేదు. స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఒకే మనిషికి వరసగా గుద్దిన ఓట్లను కంప్యూటరే పసిగట్టి వెనక్కి తీసేస్తుంది. వారం రోజులతో వదిలేశాడంటే మీ మోడరేటర్ నెమ్మదస్తుడే. ఇదే పని మీద శాశ్వతంగా గెంటేసే చోట్లున్నాయి.

ఇంకో సంగతి అడుగుతాను, ఏమీ అనుకోకండి. కిందికి నొక్కించుకున్న కోపంలో ఆ వారం మీరు ఇతరుల జవాబులు ఎన్నిటికి కింది బాణం నొక్కారు? ఉత్తరంలో లేదు, అయినా అడుగుతున్నాను. 2014లో జస్టిన్ చెంగ్, ఆయన తోటి పరిశోధకులు నాలుగు పెద్ద సైట్ల కామెంట్లు తవ్వి చూశారు. కింది ఓట్లు పడ్డవాళ్ళు నోరు మూసుకుంటారనుకుంటాం కదా, కాదట. అంతకుముందు కన్నా ఎక్కువ రాశారు, ముందుకన్నా నాసిగా రాశారు, ఇతరులను కూడా కిందికి నొక్కడం మొదలుపెట్టారు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు. పై ఓట్లు పడ్డవాళ్ళు ఏమైనా బాగుపడ్డారా అంటే అదీ లేదు. ఎక్కువగా వెళ్ళిపోయినవాళ్ళు ఎవరయ్యా అంటే, పైకీ కిందికీ ఎవరూ ఏదీ నొక్కనివాళ్ళట. నాకు ఆ ముక్క చదివి మనసు చివుక్కుమంది. ఈసారి ఆ బృందంలోకి వెళ్ళినప్పుడు, సున్నా దగ్గర ఒంటరిగా పడి ఉన్న మంచి జవాబు ఏదైనా కనిపిస్తే ఒక పై బాణం నొక్కి రండి.

కుర్రాడి సంగతి చూద్దాం. 'తాతగారూ, రెస్ట్ తీసుకోండి.' గారు ఉంది, 'కోండి' ఉంది, వ్యాకరణం ప్రకారం వంక పెట్టడానికి లేదు. మర్యాద మాటలతోనే మనిషిని మడతపెట్టడం తెలుగులో మహా తేలిక. 'మహానుభావా', 'తమరు సెలవివ్వండి', 'మేధావి గారూ', వీటిని మించిన తిట్లు నేను వినలేదు. దీనికి తిరకాసు కూడా ఉంది. వరంగల్ నుంచో కరీంనగర్ నుంచో వచ్చిన మనిషి ఆప్యాయంగా 'నువ్వు' అంటే, గుంటూరు మనిషికి చురుక్కుమంటుంది. హైదరాబాద్‌లో ఇద్దరూ ఒకే చాయ్ దుకాణంలో నిలబడి ఉంటారు గనక, గొంతు విని, ముఖం చూసి సర్దుకుపోతారు. తెర మీద గొంతూ లేదు, ముఖమూ లేదు, పసుప్పచ్చ నవ్వు బొమ్మ ఒకటి ఉంది. నన్నడిగితే వాదన మధ్యలో ఆ నవ్వు బొమ్మంత మోటు మాట ఇంకోటి లేదు. కుర్రాడు చేసింది పెంకితనమే. జవాబులో తప్పు పట్టలేదు, మీ వయసును పట్టుకున్నాడు.

మరి మీరేం చేశారు? అతను మీ వయసును పట్టుకుంటే మీరు అతని కుండీలను పట్టుకున్నారు. మన తర్కశాస్త్రం ఎప్పుడో చెప్పింది: నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తన మాటంటూ ఏదీ లేకుండా ఎదుటివాడిని పడగొట్టడానికే చేసేది వితండం. మీ టమాటా ప్రశ్న కింద మిగతా రెండూ జరిగాయి, వాదం ఒక్కటే జరగలేదు. అష్టావధానంలోనైతే అడ్డదిడ్డంగా మాట్లాడి అవధానిని తికమక పెట్టడానికి అప్రస్తుత ప్రసంగి అని ఒకణ్ణి ప్రత్యేకంగా కూర్చోబెడతారు. ఒక్కణ్ణే. మన చర్చల్లో ఆ కుర్చీ కోసం తొక్కిసలాట.

తెలుగు వికీపీడియాలో, 2003 డిసెంబరులో మొదలైన చోటు అది, అందరూ కలిసి మాట్లాడుకునే పేజీకి రచ్చబండ అని పేరు పెట్టుకున్నారు. ఒక వ్యాసం ఉంచాలా తీసెయ్యాలా లాంటివి తేల్చుకునేటప్పుడు చేతులు లెక్కపెట్టడం కన్నా ఎవరు ఏ కారణం చెప్పారన్నది చూడాలన్నది వికీల పద్ధతి. చివర సంతకం కూడా పెట్టాలి. రచ్చ అంటే ఒకప్పుడు ఊరు కూర్చునే చోటు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నది ఆ రచ్చనే. ఇప్పుడు మన సిటీలో రచ్చ అంటే అరుపులు, కేకలు. చోటు పోయి చప్పుడు మిగిలింది.

ఉండాలా మానెయ్యాలా అంటే, ఉండండి. తొంభై కుండీల అనుభవం ఊరికే రాదు. పిండినల్లి గురించో, ఎండాకాలం డాబా మీద మొక్కలు నిలబెట్టుకోవడం గురించో మీరు చెప్పగలిగింది ఆ కుర్రాడు చెప్పలేడు. వారం గడిచాక ఇలా చెయ్యండి. పాత జవాబు చెరిపెయ్యొద్దు. చెరిపేస్తే కింద ఉన్న మాటలన్నీ గాలిలో వేలాడతాయి. దాని పైనే రాయండి: 'నేను ముందు రాసింది తప్పు. ఇది కాల్షియం అందక వచ్చే ఇబ్బంది. ఎప్సమ్ సాల్ట్ వాడకండి. కుండీలో తడి ఎప్పుడూ ఒకేలా ఉండేటట్టు రోజూ నీళ్ళు పోయండి, మట్టి మీద ఎండుటాకులు కప్పండి. పాడైన కాయలు తీసేస్తే తరవాత వచ్చేవి బాగుంటాయి.' అంతే. పదకొండు మంది గురించి ఒక్క ముక్క వద్దు.

మోడరేటర్‌కు విడిగా రెండు వాక్యాలు చాలు: ఆ అకౌంట్లు మా ఇంట్లోవాళ్ళవి, మళ్ళీ అలా జరగదు అని. జీతం భత్యం లేకుండా అందరి చేతా మాటలు పడే ఉద్యోగం అది. ఇలాంటి ఉత్తరం వాళ్ళకు ఎప్పుడో గానీ రాదు. కుర్రాడికి ఏమీ రాయకండి. మళ్ళీ వయసెత్తితే రిపోర్ట్ నొక్కండి, దానికి ఉన్నదే ఆ బటన్. మీ అల్లుడికి మొక్కల మీద నిజంగా ఇష్టముంటే అకౌంటు ఉంచుకోమనండి, మీ జవాబుల జోలికి మాత్రం రావద్దని చెప్పండి.

రెండు కుండీల మాటకు క్షమాపణ కూడా అక్కడే చెప్పాలి. టమాటాల గురించి అడిగిన ఆవిడకు ఎన్ని కుండీలు ఉన్నాయో మీరు అడగలేదు కదా. నాకైతే చిక్కడపల్లి బాల్కనీలో సరిగ్గా రెండే ఉన్నాయి. ఒకదాంట్లో తులసి, ఒకదాంట్లో కరివేపాకు. కరివేపాకు కొత్త చిగుళ్ళు పసుపు రంగుకు తిరుగుతున్నాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. ఇది దేనివల్లో, ఏం వెయ్యాలో మీ వారం గడువు అయిపోయాక రాసి పంపండి.